పాత సీరియల్ వేషానికి కొత్త కుర్రాడు: పోలిక ఉన్నవాడా, లేనివాడా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. రెండు వేల ప్రాంతంలో ఇంటింటా చూసిన ఒక కామెడీ సీరియల్‌ని మీరు, మీ శ్రీకాకుళం స్నేహితులు ఈ కాలానికి మార్చి వెబ్ సిరీస్‌గా తీద్దామనుకుంటున్నారు. హీరో వేషానికి చివరికి ఇద్దరు మిగిలారు. టెక్కలి కుర్రాడు చేస్తుంటే కళ్లు మూసుకుని వింటే పాత నటుడే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఆమదాలవలస కుర్రాడికి ఆ పోలికే లేదు, కానీ చూస్తుంటే నవ్వొస్తోంది. ఎవరిని తీసుకోవాలి, పాత సీరియల్ అభిమానులు తిడితే ఏం చెయ్యాలి అని మీ టెన్షన్.

సూటిగా చెప్తాను. ఆమదాలవలస కుర్రాణ్ణే తీసుకోండి. కానీ అతన్ని ఒక్కణ్ణే చూసి ఖాయం చెయ్యొద్దు. స్నేహితుడి వేషం వేసేవాణ్ణి పక్కన నిలబెట్టి, ఇద్దర్నీ కలిపి చూశాకే మాటివ్వండి.

ఎందుకో చెప్పేముందు నా సంగతి రెండు ముక్కలు. విజయనగరంలో బడిపంతులుగా చేసి రిటైరయ్యాను. ముప్పయ్యేళ్లకు పైగా నాటకాలు ఆడించాను, నాటక పరిషత్తుల పోటీలకు తీసుకెళ్లాను. మధ్యలో ఓ ఆరేడేళ్లు హైదరాబాదు సీరియళ్లవాళ్లకు ఇక్కడి నటుల్ని చూసిపెట్టాను, ఒక లోకల్ కేబుల్ ఛానల్‌కి సీరియల్ రాసి తీశాను కూడా. పెద్ద పెద్ద సెట్లు చూసినవాణ్ణి కాదు. ఒకరి వేషం ఇంకొకరికి వెళ్లినప్పుడు ఏమవుతుందో మాత్రం దగ్గర్నుంచి చూశాను. రెండుసార్లు చేతులు కాల్చుకున్నాను కూడా.

మొదటిసారి కాలింది గిరీశంతో. మా ఊళ్లో గిరీశం వేషం కట్టడమంటే తెలిసి తెలిసి పులి నోట్లో తల పెట్టడమే. 1892లో కన్యాశుల్కం మొదటిసారి ఆడింది ఇక్కడే. 1955లో వచ్చిన సినిమాలో గిరీశం ఎన్టీఆర్, మధురవాణి సావిత్రి. ఇక రంగస్థలం మీదైతే గిరీశం జె.వి. రమణమూర్తి గారు, రామప్ప పంతులు వాళ్ల అన్నగారు సోమయాజులు గారు. ఇద్దరూ శ్రీకాకుళం జిల్లా లుకలాం వాళ్లే. లోకమంతా ‘శంకరాభరణం’ సినిమా శంకరశాస్త్రిగా ఎరిగిన సోమయాజులు గారిని మా పెద్దవాళ్లు ఎప్పుడూ రామప్ప పంతులుగానే తలుచుకునేవారు. అలాంటి ఊళ్లో కొత్త గిరీశం స్టేజి ఎక్కితే, ముందు వరసలో కూర్చున్న ప్రతి పెద్దాయన మనసులోనూ అప్పటికే ఒక గిరీశం కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటాడు.

తొంభైల చివర్లో నేనూ ఆ నాటకం తలకెత్తుకున్నాను. గిరీశానికి ఒక కుర్రాడు దొరికాడు. రమణమూర్తి గారి ప్రదర్శనలు ఎన్నోసార్లు చూసిన మేనమామ దగ్గర నేర్చుకుని వచ్చాడు. చుట్ట పట్టుకునే తీరు, మెడ తిప్పడం, మాట సాగదీసి ఆపడం, అన్నీ దింపేశాడు. నేను పొంగిపోయాను. ప్రదర్శన రోజు అతను స్టేజి మీదికి రాగానే చప్పట్లు. నాకు గుండెల మీద బరువు దిగిపోయింది. రెండో రంగానికి చప్పట్లు తగ్గాయి. ఆ తర్వాత ఒకచోట కుర్రాడు మాట సగంలో ఆపి, జనం వైపు చూసి, నవ్వు కోసం ఆగాడు. నవ్వు రాలేదు. ఎదురుగా ఉన్న వెంకటేశం పిల్లాడు, పాపం, ఇతను డైలాగు మరిచిపోయాడనుకుని మెల్లిగా అందించాడు. అది మైకులో వినబడింది. అప్పుడు మాత్రం హాలంతా నవ్వింది!

ఇంటికొచ్చాక చాలా రోజులు ఆలోచించాను. ఆ ఆగడం పాత నటుడు చేస్తే ఎందుకు పేలింది, మనవాడు చేస్తే ఎందుకు తుస్సుమంది? నాకు తోచింది ఇదీ. ఆ గ్యాపు పాత నటుడు ఇంట్లో కూర్చుని కనిపెట్టింది కాదు. ఎదుటివాడు ఒక పద్ధతిలో మాట అందిస్తే, దానికి జవాబుగా పుట్టింది. ఎదుటివాడు మారాడు, మాట అందే వేగం మారింది. మనవాడు మాత్రం అక్కడ లేని మనిషికి జవాబు చెప్తున్నాడు. రమణమూర్తి, సోమయాజులు గార్లు ఒక ఇంట్లో పెరిగిన అన్నదమ్ములు, కలిసి ఎన్నెన్ని రాత్రులు ఆడారో. వాళ్లలో ఒకరిని మాత్రం కత్తిరించి తెచ్చి మన నాటకంలో అతికిస్తే అతకదు.

మీ టెక్కలి కుర్రాడితో నా భయం అదే. అతని ప్రతిభ తక్కువని కాదు. అతని చెవి చాలా గొప్పది. కానీ పాత సీరియల్లోని స్నేహితుడి మాటలకు జవాబులు చెప్తాడు, మీరు పక్కన నిలబెట్టినవాడికి కాదు.

టీవీ విషయానికొస్తే, మన తెలుగులోనే దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. జెమినీ టీవీలో 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా వచ్చిన ‘అమృతం’. గుణ్ణం గంగరాజు గారిది. ఆదివారం రాత్రి ఆ టైముకి మా వీధిలో కరెంటు పోతే సబ్‌స్టేషన్‌కి ఫోన్లు వెళ్లేవి. అందులో అమృతం వేషం ముగ్గురు వేశారు: మొదట శివాజీరాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్. ముగ్గురికీ ముఖంలో గానీ గొంతులో గానీ నడకలో గానీ పొంతన లేదు. అయినా సీరియల్ పడిపోలేదు. ఎందుకు? అమృతం స్నేహితుడు ఆంజనేయులు మారలేదు. గుండు హనుమంతరావు గారు అక్కడే ఉన్నారు. ఆయన ఎవరిని చూసి అమృతం అని నమ్మితే మనమూ వాణ్ణే అమృతం అని నమ్మాం. ఆ టైటిల్ పాట కూడా ఆంజనేయుల్ని పిలుస్తూనే మొదలవుతుంది, గుర్తుచేసుకోండి. పేరు అమృతానిది, ఇరుసు ఆంజనేయులుది.

2018లో హనుమంతరావు గారు పోయారు. 2020 ఉగాదికి ‘అమృతం ద్వితీయం’ ఓటీటీలో వచ్చినప్పుడు ఆంజనేయులుగా ఎల్.బి. శ్రీరామ్ గారు చేశారు. ఈసారి తలకిందులైంది. అమృతంగా హర్షవర్ధన్ నిలిచాడు, ఆంజనేయులు మారాడు. శ్రీరామ్ గారు ఎంత నటుడో వేరే చెప్పక్కర్లేదు, మాట విరుపులో ఆయనకు ఆయనే సాటి. అయినా మొదటి ఎపిసోడ్లు చూస్తున్నప్పుడు నాలో ఏదో వెలితి. పాత అమృతాలు మారినప్పుడు ఇంత అనిపించలేదు. ఇది నా ఒక్కడి ఇంట్లో సంగతే కావచ్చు, మా అబ్బాయికి బాగానే నచ్చింది. నా లెక్క ఏమిటంటే, కథలో మార్చగలిగే వేషాలు కొన్ని, ఇరుసు వేషం ఒకటి ఉంటాయి. ఇరుసు ఎప్పుడూ హీరోయే అవ్వాలని లేదు. మీరు తీయబోయే సీరియల్లో ఇరుసు ఎవరో ముందు తేల్చుకోండి. మీ ప్రశ్న మొత్తం హీరో గురించే ఉంది కాబట్టి ఈ మాట నొక్కి చెప్తున్నాను.

ఇరుసు వేషం ఏదో తేల్చుకోవడం మా వైపు తూర్పు భాగవతం (మద్దెల మీద సత్యభామ కథ ఆడే జానపద ఆట) చూసిన వాళ్లకు కష్టం కాదు. చీపురుపల్లి దగ్గర ఒక ఊళ్లో చూశాను నేను. ఏళ్ల తరబడి సత్యభామ కట్టిన పెద్దాయన మానేసి, శిష్యుడు జడ వేసుకుని దిగాడు. మొదట జనం గుసగుసలాడారు. మద్దెల వాయించేది మాత్రం పాతాయనే. ఆయన ఆ కుర్రాణ్ణి పాత సత్యభామని ఆటపట్టించినట్టే మద్దెలతో కవ్వించాడు, కుర్రాడు అడుగుతో తిప్పికొట్టాడు. పావుగంటలో గుసగుసలు ఆగిపోయాయి.

ఇప్పుడు మీకు ఒక చిక్కు. మీ రీమేక్‌లో పాతవాళ్లు ఎవరూ లేరు, అందరూ కొత్తే. ఆంజనేయులూ లేడు, మద్దెలా లేదు. అలాంటప్పుడు రెండు దారులు. ఒకటి, ఆ ఇద్దరి బంధాన్నే ఇరుసుగా పెట్టుకోవడం. అందుకే జోడీగా ఆడిషన్ చెయ్యమంటున్నాను. రెండోది, పాతది చూడని తరానికి తీస్తున్నామని ఒప్పుకుని ధైర్యంగా తీయడం.

ఆ రెండోదానికి రామాయణ, మహాభారతాలు మంచి పాఠం. రామానంద్ సాగర్ రామాయణం 1987 జనవరి నుంచి 1988 జులై దాకా వచ్చింది. మా వీధిలో అప్పుడు రెండే టీవీలు. హిందీ ఒక్క ముక్క రానివాళ్లు కూడా స్నానం చేసి వచ్చి కూర్చునేవారు. యాంటెన్నా తిప్పడానికి డాబా మీద ఒకణ్ణి పెట్టేవాళ్లం. భాష తెలియదు గనక మేం చూసిందల్లా ముఖాలే. అందుకే అరుణ్ గోవిల్ రాముడిగా మనసులో అచ్చయిపోయాడు. ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పాడు, మొదట్లో తనని కాదన్నారని, లుక్ టెస్టులో చిరునవ్వు చేర్చాకే రాముడు కుదిరాడని. అంటే ముక్కూ ముఖమూ అన్నీ ఉండి కూడా రాముడు అవ్వలేదు, ఎదుటివాణ్ణి చూసే చూపు మారాక అయ్యాడు. 2008లో సాగర్ సంస్థే మళ్లీ తీసింది, గుర్మీత్ చౌదరి రాముడు. మా ఇంట్లో ఎవరూ ఆయన్ని రాముడిగా తీసుకోలేదు. మా ఆవిడైతే ‘ఈయనెవరో సినిమా హీరోలా ఉన్నాడు’ అని లేచి వెళ్లిపోయింది.

కానీ మహాభారతం దగ్గర నా లెక్క తప్పింది. నాకు కృష్ణుడంటే 1988లో వచ్చిన బి.ఆర్. చోప్రా మహాభారతంలో నితీశ్ భరద్వాజ్. 2013లో కొత్తది వచ్చి, తెలుగులోకీ డబ్బయింది. మా బళ్లో ఏడో తరగతి పిల్లల్ని కృష్ణుడి బొమ్మ గీయమంటే వాళ్లు గీసిన కిరీటం, ముంగురులు, ఆ నవ్వు అన్నీ సౌరభ్ రాజ్ జైన్‌వే! వాళ్లకు నితీశ్ భరద్వాజ్ పేరే తెలియదు. కాబట్టి ‘జనం తిడతారు’ అన్నప్పుడు ఏ జనమో చూసుకోండి. మొదటి వారం కామెంట్లలో గొడవ చేసేది నాలాంటి పాత కాపులు. మేం ఎలాగూ తిడతాం, తిడుతూనే నాలుగు ఎపిసోడ్లు చూస్తాం. ఇరవై ఏళ్ల వాళ్ల దగ్గర పోల్చడానికి పాతది లేదు. ఒక్క మెలిక ఏమిటంటే, ఇప్పుడు పాత సీరియళ్లు యూట్యూబ్‌లో పక్క వీడియోలోనే ఉన్నాయి. మీది చూసినవాడు ఒక్క క్లిక్కుతో అసలుది చూస్తాడు. అప్పుడు మీ హీరో నకలుగా కనిపిస్తే ఇక లేవడు, వేరేగా కనిపిస్తే బతుకుతాడు. టెక్కలి కుర్రాణ్ణి వద్దనడానికి ఇది నా రెండో కారణం.

పోలిక అసలే అక్కర్లేదా అంటే, దేవుళ్ల విషయంలో, ఫొటోలున్న చారిత్రక వ్యక్తుల విషయంలో కావాలి. అక్కడ జనానికి నటుడి కంటే ముందే ఒక రూపం ఉంటుంది. మీ హీరో హోటలు పెట్టుకున్న మధ్యతరగతి మనిషి. అతనికి రూపం లేదు, అలవాట్లే ఉన్నాయి.

ఇక ఆడిషన్ ఎలా చెయ్యాలన్నది. నేను చేసే పద్ధతి చెప్తాను, మీకు నచ్చింది తీసుకోండి.

పాత సీను ఇవ్వొద్దు. పాత సీను ఇస్తే ఎంత మంచి నటుడైనా తెలియకుండానే పాతాయన దారిలో పడతాడు. ఆ పాత్ర పాత సీరియల్లో ఎన్నడూ పడని ఇబ్బందిలో పడెయ్యండి. ఉదాహరణకి, హోటల్లో టిఫిన్ తిన్న కస్టమర్ ఫోన్‌పే చేశానంటాడు, సౌండ్ బాక్స్ పలకదు. కస్టమరేమో ఊరి పెద్దమనిషి. అడిగితే మర్యాద పోతుంది, అడక్కపోతే నలభై రూపాయలు పోతాయి. ఆ నలభై రూపాయల కోసం కుర్రాడు ఎన్ని రకాలుగా లోపల చస్తాడో చూడండి. పాత్ర అందులో దొరుకుతుంది.

వినేటప్పుడు షూట్ చెయ్యండి. స్నేహితుడికి పేజీడు డైలాగు ఇచ్చి, కెమెరా మాత్రం హీరో ముఖం మీదే ఉంచండి. కామెడీ సీరియల్లో సగం నవ్వులు వినేవాడి ముఖంలోంచే వస్తాయి. డైలాగు పులులు చాలామంది ఇక్కడ రాలిపోతారు, తమ వంతు ఎప్పుడొస్తుందా అని ఎదుటివాడి నోరు చూస్తూ ఉంటారు. తర్వాత ఆ వీడియోని సౌండ్ తీసేసి ఫోన్లో చూడండి. మీ ప్రేక్షకుడు చూసేది ఆ సైజులోనే.

ఆ తర్వాత వేషాలు తారుమారు చెయ్యమనండి. హీరో కుర్రాడు స్నేహితుడిగా, స్నేహితుడు హీరోగా. ఇద్దరూ మార్చుకుని కూడా హాయిగా చెయ్యగలిగితే ఆ జోడీ కుదిరినట్టే. ఒకసారి ఇలా మార్చినప్పుడు, అసలు మేం తప్పు వేషాలు ఇచ్చామని తెలిసి, అక్కడికక్కడే మార్చేశాం.

వయసు సంగతి చాలామంది మర్చిపోతారు. ఆరేళ్లు నడిచిన సీరియల్లో నటుడు మొదటి ఎపిసోడ్‌లో ఒకలా, చివర్లో ఒకలా ఉంటాడు. జనం మనసులో ఉండేది ఎక్కువగా చివరి ముఖమే. మీరు కథ మొదలుపెట్టేది పాత్ర తొలినాళ్ల నుంచి అయితే, ముప్పై దాటనివాణ్ణి తీసుకోవడానికి జంకొద్దు.

యాస గురించి కాస్త గట్టిగానే చెప్తాను. మీ ఆమదాలవలస కుర్రాడు మామూలుగా మాట్లాడేటప్పుడు ‘ఏటి బావూ’ అంటాడనీ, కెమెరా ముందు మాత్రం టీవీ తెలుగు మాట్లాడాడనీ రాశారు. ఇది నేను ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తాను. మన పిల్లలు కెమెరా చూడగానే బెజవాడ తెలుగులోకి వెళ్లిపోతారు. గొంతు ఒక మెట్టు పైకెళ్తుంది, చేతులు బిగుసుకుంటాయి. కథ శ్రీకాకుళంలో జరుగుతుందని మీరు మార్చుకుంటే హీరోకి కూడా అతని యాసే ఉంచండి. అందరూ మామూలు తెలుగు మాట్లాడి, నౌకరు వేషానికో, తాగుబోతు వేషానికో మాత్రం మన యాస పెట్టి నవ్వించడం చూసీ చూసీ నా ఒళ్లు మండిపోయింది. హీరో ప్రేమ, కోపం, అప్పుల బాధ అన్నీ ఆ యాసలోనే చెప్పాలి. అలా చేస్తే ఇంకో లాభం: పాత నటుడితో పోలిక మొదటి వాక్యానికే తెగిపోతుంది.

నేను రెండోసారి చేతులు కాల్చుకున్నది కేబుల్ సీరియల్లో. అక్క వేషం వేసే అమ్మాయికి పెళ్లయి వెళ్లిపోయింది. కొత్త అమ్మాయిని పెట్టాం. పాత అమ్మాయిలా జడ, బొట్టు, చీరల రంగులతో సహా తయారు చేశాం. ఫోన్లు మోగిపోయాయి, ‘మా అక్కని ఏం చేశారు?’ అని. పది ఎపిసోడ్ల తర్వాత బుద్ధొచ్చి ఆ పోలికలన్నీ తీసేశాం. ఒక్క తాళాల గుత్తి మాత్రం ఉంచాం. బొడ్డున దోపుకున్న ఆ గుత్తిని తమ్ముడు లాక్కుంటే ఆమె వెంటపడి కొట్టే సీను ఒకటి రాశాం. ఆ రోజు నుంచి ఫోన్లు ఆగాయి. తమ్ముడు ఆమెను అక్కలా చూశాడు, జనమూ చూశారు. ఇది సీరియల్ మధ్యలో మార్పు, రీమేక్ కాదు, నిజమే. కానీ జనం దేన్ని పట్టుకుని నమ్ముతారో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నా దగ్గర లేదు.

కథని ఈ కాలానికి మార్చేటప్పుడు ఇంకో సంగతి. పాత కామెడీలు చాలావరకు ల్యాండ్‌లైన్ మీద నడిచాయి. ఎవరు ఎక్కడున్నారో తెలియక పుట్టిన తికమకలు అవి. ఇప్పుడు లొకేషన్ పెడితే అయిపోయె. అప్పటి హీరో అమాయకుడు, ఏమీ తెలియక ఇరుక్కునేవాడు. ఇప్పటివాడికి అన్నీ తెలుసు, గూగుల్ చేసి మరీ ఇరుక్కుంటాడు. అంటే మీకు కావలసింది అమాయకపు ముఖం కాదు, తెలివైనవాణ్ణని గట్టిగా నమ్మే ముఖం. స్క్రిప్టు ఇలా మారితే నటుడి ఎంపికా మారుతుంది. కాబట్టి మొదటి మూడు ఎపిసోడ్లు రాసుకోకుండా ఆడిషన్లకు దిగొద్దు.

హక్కుల మాట మీరు ఎత్తలేదు కాబట్టి చెప్తున్నాను. గురజాడ వారు 1915లోనే పోయారు. మన చట్టంలో రచయిత పోయిన తర్వాత అరవై ఏళ్ల వరకే హక్కులుంటాయి, అందుకే కన్యాశుల్కం మూలం ఎవరైనా ఆడుకోవచ్చు. మీరు అనుకుంటున్న సీరియల్ అలా కాదు. కథ, పాట, పాత్రల హక్కులు మామూలుగా నిర్మాత చేతిలో ఉంటాయి. రాతపూర్వకంగా అనుమతి లేకుండా టీజర్ కూడా వదలకండి.

పాత హీరోని మొదటి ఎపిసోడ్‌లో అతిథిగా చూపిస్తే అభిమానులు శాంతిస్తారన్న మీ ఆలోచన నాకు నచ్చలేదు. ఆయన పక్కన మీ కుర్రాడు మొదటి రోజే చిన్నబోతాడు. ఆయన ఒప్పుకుంటే ఏడో ఎపిసోడ్‌లోనో ఎనిమిదిలోనో, సంబంధం లేని వేరే వేషంలో, హోటలుకి వచ్చి ఉప్మాలో ఉప్పు తక్కువైందని గొడవపడే కస్టమర్‌గా పెట్టండి.

టెక్కలి కుర్రాణ్ణి మాత్రం పంపెయ్యకండి. నా నాటకంలో నకలు గిరీశం వేసిన కుర్రాడి కథ అక్కడితో అయిపోలేదు. రెండేళ్ల తర్వాత మళ్లీ ఆడినప్పుడు అతనికి లుబ్ధావధాన్లు ఇచ్చాను. ఆ వేషం ఎవరు ఎలా వేశారో వాళ్ల మేనమామ ఎప్పుడూ చేసి చూపించలేదట. తప్పనిసరై తనే వెతుక్కున్నాడు. ఆ గొప్ప చెవితో తన వీధిలో వడ్డీలకు తిప్పే ముసలాయన గొంతు పట్టుకొచ్చాడు. ఆ ఏడాది మా ప్రదర్శనలో జనం గుర్తుపెట్టుకున్నది ఆ ఒక్క వేషాన్నే. మీ సీరియల్లో పాతవాళ్లెవరూ గట్టి ముద్ర వెయ్యని వేషం ఏదో ఒకటి ఉంటుంది, ఇంటి ఓనరో, పక్కింటాయనో. అది ఇచ్చి చూడండి.

ఇంతకీ, ఆ స్నేహితుడి వేషం ఎవరు వేస్తున్నారో మీరు రాయనే లేదు. అది చెప్తే మిగతాది మాట్లాడుకుందాం.